ఖాళీ ఉన్నంత మాత్రాన పెద్ద ఆటగాళ్ళు వస్తారా? డెట్రాయిట్‌లో ఇరవై ఏళ్ళుగా చూసిన లెక్క

మీరు అడిగినదాన్ని ముందు నా మాటల్లో చెప్పుకుంటాను. అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో మీ అభిమాన జట్టు పాత ఆటగాళ్ళందరినీ వదిలేసి, కుర్రాళ్ళతో పునాది నుంచి కట్టుకుంటోంది. వచ్చే వేసవికి జీతాల పరిమితిలో, అంటే శాలరీ క్యాప్‌లో, ఇద్దరు పెద్ద ఆటగాళ్ళకు సరిపడేంత చోటు ఖాళీగా ఉంటుందని అందరూ రాస్తున్నారు. ఆ ఇద్దరూ వస్తారా? రాకపోతే ఆ ఖాళీ దేనికి?

అలా రావడం చాలా అరుదు. అయినా ఆ ఖాళీ మీ జట్టు చేతిలో ఉన్న మంచి ఆస్తి. ఈ రెండు మాటలూ ఒకేసారి ఎలా నిజమవుతాయో చెప్పాలంటే కొంచెం వివరంగా రాయక తప్పదు.

నేను 2003 చివర్లో డెట్రాయిట్ శివార్లలోని నోవైకి వచ్చాను. కార్ల విడిభాగాలు చేసే కంపెనీలో ఖర్చుల లెక్కలు చూడటం నా ఉద్యోగం. వచ్చి ఏడాది తిరగకముందే, 2004 జూన్‌లో, డెట్రాయిట్ పిస్టన్స్ లాస్ ఏంజెలెస్ లేకర్స్‌ను 4-1తో ఓడించి ఛాంపియన్లయ్యారు. అప్పటినుంచి ఈ జట్టు నా ఇంటి మనిషిలాంటిది. వైభవమూ చూశాను, పతనమూ చూశాను. జీతాల పట్టికలు చదవడం ఈ జట్టు మీద ప్రేమతోనే నేర్చుకున్నాను.

పతనం అంటే ఎలాంటిదో ఒక్క రాత్రి చెబుతాను. 2023 డిసెంబరు 26. మా సొంత మైదానం లిటిల్ సీజర్స్ అరీనాలో బ్రూక్లిన్ నెట్స్‌తో ఆట. అప్పటికి పిస్టన్స్ వరుసగా 26 ఓడిపోయి ఉన్నారు. మా అబ్బాయి పదకొండేళ్ళవాడు, మా కుర్ర తార కేడ్ కన్నింగ్‌హామ్ 2వ నంబరు చొక్కా తొడుక్కుని వచ్చాడు. ఆ రాత్రి కేడ్ ఒక్కడే 41 పాయింట్లు కొట్టాడు. అయినా 118-112తో ఓడిపోయాం. వరుసగా 27, ఒకే సీజన్‌లో అంతకుముందు ఏ జట్టూ అన్ని ఓడలేదు. జట్టును అమ్మేయండి అని యజమాని మీద జనం గొంతులు చించుకుని అరిచారు. పార్కింగ్‌లో కారు వేడెక్కేదాకా కూర్చుని ఉంటే మా వాడు అడిగాడు. "నాన్నా, మన దగ్గర డబ్బుకి చోటుందని నువ్వే అన్నావు కదా. మంచివాళ్ళను కొనుక్కోవచ్చు కదా?"

మీ ప్రశ్న కూడా అదే. వాడికి ఆ రాత్రి చెప్పిన జవాబే మీకూ చెబుతాను.

బజారుకెళ్ళి వంకాయలు ఏరుకున్నట్టు ఆటగాళ్ళను ఏరుకోవడం కుదరదు. ఫ్రీ ఏజెంట్ అంటే ఒప్పందం ముగిసినవాడు. ఎక్కడికి వెళ్ళాలో తేల్చుకునేది అతనే. ఇది పెళ్ళి సంబంధం లాంటిది. చేతిలో డబ్బుంటే సరిపోదు. పిల్లనిచ్చేవాళ్ళు ఇల్లు చూస్తారు, ఇంట్లో మనుషులను చూస్తారు, ఊళ్ళో ఆ ఇంటికి ఉన్న పేరు చూస్తారు. పైగా ఇక్కడ మరో చిక్కుంది. పెద్ద ఆటగాడికి ఇవ్వగలిగిన గరిష్ఠ జీతం జట్టు చేతిలో లేదు, లీగ్ నిబంధనల్లో ఉంది. ఆరేళ్ళలోపు అనుభవం ఉంటే జీతాల పరిమితిలో 25 శాతం, ఏడు నుంచి తొమ్మిదేళ్ళయితే 30 శాతం, పదేళ్ళు, ఆపైన అయితే 35 శాతం. ఖాళీ ఉన్న జట్లన్నీ అతనికి ఇచ్చే మొత్తం ఒక్కటే. అతని సొంత జట్టు మాత్రం అందరికంటే ఎక్కువ ఇవ్వగలదు. బర్డ్ రైట్స్ అనే నిబంధన వల్ల పరిమితి దాటి అయినా ఐదేళ్ళ ఒప్పందం, ఏటా 8 శాతం పెంపు ఇవ్వచ్చు. బయటి జట్టు నాలుగేళ్ళు, 5 శాతం దగ్గర ఆగిపోవాలి. అంటే మీ జట్టు ఎంత ఖాళీ పెట్టుకున్నా, డబ్బు విషయంలో పోటీని ఒక మెట్టు కిందనుంచే మొదలుపెడుతుంది.

2023లో వచ్చిన కొత్త ఒప్పందంతో దారి ఇంకా ఇరుకైంది. ఆటగాడు బజారులోకి రాకముందే సొంత జట్టు పాత జీతానికి 140 శాతం దాకా ఇచ్చి ఒప్పందం పొడిగించుకోవచ్చు. అంతకుముందు అది 120 శాతమే. 2024 నుంచి ఫైనల్స్ ముగిసిన మర్నాడే సొంత జట్టు తన ఫ్రీ ఏజెంట్లతో మాట్లాడుకోవచ్చు. బయటి జట్లు జూన్ 30 సాయంత్రం దాకా నోరు విప్పకూడదు. మరి అప్పటికి బజారులో మిగిలేదెవరు? వయసు మీద పడినవాళ్ళు, గాయాలు వెంటాడేవాళ్ళు, సొంత జట్టుతో మనసు విరిగినవాళ్ళు, మధ్యస్థాయి మంచి ఆటగాళ్ళు. ఈ చివరి వర్గాన్ని గుర్తుపెట్టుకోండి. మనకు కావలసింది వాళ్ళే.

ఇక ఆ ఖాళీ ఎంత అనే విషయం. అందరూ రాసే అంకెను ముందే నమ్మకండి. నేను కాగితం మీద వేసే పద్ధతి చూపిస్తాను. తేలిగ్గా ఉండటానికి పరిమితి 15 కోట్ల డాలర్లు అనుకుందాం. (నిజానికి 2024-25లో అది సుమారు 14.06 కోట్లు, 2025-26లో 15.46 కోట్లు.) మీ జట్టులో ఒప్పందం ఉన్నవాళ్ళు ఆరుగురు, వాళ్ళ జీతాలు కలిపి 8 కోట్లు. ఇంకేం, 7 కోట్లు ఖాళీ అని వార్త రాసేస్తారు.

అసలు లెక్క ఇక్కడినుంచి మొదలవుతుంది. ఈ ఏడాది డ్రాఫ్టులో, అంటే జట్లు వంతులవారీగా కొత్త కుర్రాళ్ళను ఎంచుకునే చోట, మీకు వచ్చే మొదటి రౌండు కుర్రాడు సంతకం పెట్టకముందే లెక్కలోకి వస్తాడు. అతనికి 80 లక్షలు వేసుకోండి. ఎప్పుడో వదిలేసిన ఆటగాడి జీతాన్ని కొన్నేళ్ళకు సాగదీసి కడుతుంటారు, దానికి 54 లక్షలు. ఈ అంకె ఎక్కడిదో తరవాత చెబుతాను. ఆ తరవాత క్యాప్ హోల్డ్‌లు. వీటిని అర్థం చేసుకోవడానికి మన ఆర్టీసీ బస్సు చాలు. స్టాండులో బస్సు ఆగగానే కిటికీలోంచి తువ్వాలు వేసి సీటు పట్టుకుంటాం. మనిషి ఇంకా ఎక్కలేదు, కానీ ఆ సీటు ఖాళీ కాదు. ఒప్పందం ముగిసిన మీ సొంత ఆటగాడిని మళ్ళీ తీసుకునే హక్కు ఉంచుకోవాలంటే అతని పేరు మీద అలాంటి తువ్వాలు ఉండాలి. ఇద్దరి తువ్వాళ్ళు కలిపి 2 కోట్ల 40 లక్షలు అనుకుందాం. ఇప్పటికి మొత్తం తొమ్మిది పేర్లు. పన్నెండుకు తగ్గితే ఒక్కో ఖాళీ స్థానానికీ సుమారు 12 లక్షల చొప్పున లీగ్ లెక్క వేస్తుంది. మూడు స్థానాలకు 36 లక్షలు. అన్నీ కూడితే 4 కోట్ల 10 లక్షలు. ఏడు కోట్లనుకున్నది 2 కోట్ల 90 లక్షలకు దిగింది. 25 శాతం గరిష్ఠ జీతమే 3 కోట్ల 75 లక్షలు. ఇద్దరు తారల మాట అలా ఉంచి, ఒక్క కుర్ర తారకు కూడా చోటు లేదు.

తువ్వాళ్ళు తీసేస్తే? అంటే ఆ ఇద్దరి మీద హక్కు వదులుకుంటే 2 కోట్ల 40 లక్షలు వెనక్కి వస్తాయి, రెండు కొత్త ఖాళీ స్థానాలకు 24 లక్షలు పోతాయి. చేతికి 5 కోట్ల 6 లక్షలు. ఎనిమిదేళ్ళ అనుభవం ఉన్న ఒక తారకు 4 కోట్ల 50 లక్షలు ఇవ్వచ్చు. కానీ ఆ ఇద్దరూ వెళ్ళిపోయారు. పైగా ఖాళీని వాడుకునే జట్టుకి మామూలు మిడ్ లెవెల్ ఎక్సెప్షన్, అంటే పరిమితి దాటినా మధ్యస్థాయి ఆటగాడిని తీసుకోనిచ్చే మినహాయింపు, ఉండదు, దాని బదులు చిన్నది దొరుకుతుంది. 2024-25లో పెద్దది సుమారు కోటీ 28 లక్షలు, చిన్నది సుమారు 80 లక్షలు. ఖాళీ కూడా ఊరికే రాదని నేను అనేది ఇందుకే.

తువ్వాలు విద్యలో ఆరితేరిన ఉదాహరణ ఫిలడెల్ఫియా. తమ కుర్ర తార టైరీస్ మ్యాక్సీకి 2023లోనే పెద్ద ఒప్పందం ఇవ్వగలిగి ఉండీ ఆగారు. ఎందుకంటే 2024 వేసవిలో అతని తువ్వాలు వెడల్పు కోటీ 30 లక్షలే, మనిషి కూర్చుంటే మూడున్నర కోట్లు. ఆ తేడాలో చోటు చేసుకుని పాల్ జార్జ్‌ను నాలుగేళ్ళకు 21 కోట్ల 20 లక్షలకు తెచ్చుకున్నారు. ఆ తరవాత మ్యాక్సీకి 20 కోట్ల 40 లక్షల ఒప్పందం రాశారు. లెక్కల మనిషిగా నాకు అది చూడముచ్చటగా అనిపించింది. కానీ జార్జ్‌కు అప్పటికి 34 ఏళ్ళు. మొదటి ఏడాది 41 ఆటలే ఆడగలిగాడు. జట్టు ప్రధాన తార ఎంబీడ్ కూడా గాయాలతో దూరమై, సీజన్ 24-58తో, అంటే 24 గెలుపులు, 58 ఓటములతో, ముగిసింది. బజారులో మిగిలేది ఎవరని అడిగాను కదా. లెక్క ఎంత అందంగా కుదిరినా, దొరికే సరుకు వయసు మారదు.

మా ఊరి తప్పులు ఇంకా పెద్దవి. 2008 నవంబరులో చాన్సీ బిలప్స్‌ను డెన్వర్‌కు పంపి అలెన్ ఐవర్సన్‌ను తెచ్చారు. ఐవర్సన్ ఒప్పందం ఆ సీజన్‌తో ముగుస్తుంది, వేసవిలో పెద్ద ఖాళీ వస్తుంది అన్నది ఆశ. ఖాళీ వచ్చింది. ఎవరు వచ్చారు? బెన్ గోర్డన్, చార్లీ విల్లనువేవా. చెరి ఐదేళ్ళు. ఇద్దరికీ కలిపి 9 కోట్ల డాలర్లకు పైనే. చేతిలో డబ్బుంది, బజారు మూసే వేళయింది, ఏదో ఒకటి కొనకుండా ఇంటికెళితే బాగుండదు అన్నట్టుగా జరిగిన కొనుగోలు అది. మూడేళ్ళకే గోర్డన్‌ను వదిలించుకోవడానికి షార్లెట్‌కు ఒక మొదటి రౌండు పిక్, అంటే డ్రాఫ్టులో కుర్రాడిని ఎంచుకునే వంతు, ఎదురు ఇచ్చారు. 2013లో మళ్ళీ ఖాళీ దొరికితే జాష్ స్మిత్‌కు నాలుగేళ్ళకు 5 కోట్ల 40 లక్షలు రాశారు. ఏడాదిన్నర తిరగకుండా, 2014 డిసెంబరులో వదిలేశారు. మిగిలిన జీతాన్ని సాగదీశారు. ఏటా 54 లక్షలు, 2019-20 దాకా. పైన లెక్కలో నేను వేసిన 54 లక్షలు అవే. మనిషి వెళ్ళిన ఐదేళ్ళ తరవాత కూడా ఆ గీత పట్టికలో కనిపిస్తూనే ఉండేది. ప్రతి వేసవీ ఆ వరుస చదివినప్పుడల్లా నాకు బాధ కలిగేది.

డెట్రాయిట్ చరిత్రలో అత్యంత విలువైన ఫ్రీ ఏజెంట్ ఎవరంటే నేను బిలప్స్ పేరే చెబుతాను. 2002లో అతను వచ్చింది మిడ్ లెవెల్ సొమ్ముతో, ఆరేళ్ళకు సుమారు 3 కోట్ల 50 లక్షలకు. రెండేళ్ళలో ఫైనల్స్‌లో ఉత్తమ ఆటగాడయ్యాడు. అలాంటివాడిని పంపించి ఖాళీ కొనుక్కున్నాం.

ఇప్పుడు ఆ ఖాళీని ఎలా వాడాలన్న విషయానికి వస్తాను. ఖాళీని గోదాములా చూడండి. ధాన్యం ఎక్కువై నిలవ చేయడానికి చోటు లేనివాడు గోదాము ఉన్నవాడికి అద్దె కడతాడు. లీగ్‌లో ప్రతి ఏడాదీ మోయలేని జీతాలతో అల్లాడే జట్లు కొన్ని ఉంటాయి. జీతాలు పరిమితిని బాగా దాటితే లీగ్ గీతలు గీస్తుంది. యజమాని అదనపు పన్ను కట్టాల్సిన లగ్జరీ ట్యాక్స్ ఒక గీత, దానిపైన ఆంక్షలు తెచ్చే ఫస్ట్ ఏప్రన్, ఆపైన సెకండ్ ఏప్రన్. 2024-25లో ఆ చివరి గీత 18 కోట్ల 89 లక్షల దగ్గర ఉంది. అది దాటినవాళ్ళకు మార్పిడి చేసుకోవడానికి దాదాపు దారులన్నీ మూసుకుపోతాయి. వాళ్ళకు ఒక ఆటగాడిని ఎవరికైనా అప్పగించడం ప్రాణావసరం. అతన్ని తీసుకోగలిగేది ఖాళీ ఉన్న జట్టే. తీసుకున్నందుకు అద్దెగా డ్రాఫ్ట్ పిక్‌లు, లేదా కుర్రాళ్ళు.

ఈ పనిని నేను చూసినవాళ్ళలో అందరికంటే ఓపికగా చేసింది బ్రూక్లిన్. 2016లో షాన్ మార్క్స్ జనరల్ మేనేజర్‌గా వచ్చేసరికి ఆ జట్టు దగ్గర ఆటగాళ్ళూ లేరు, సొంత డ్రాఫ్ట్ పిక్‌లూ లేవు. 2013లో వయసు మీద పడిన తారలు గార్నెట్, పియర్స్ కోసం అవన్నీ బోస్టన్‌కు ఇచ్చేశారు. ఉన్నది ఖాళీ ఒక్కటే. అదే 2016లో టీవీ ఒప్పందం సొమ్ము రావడంతో పరిమితి 7 కోట్ల నుంచి 9 కోట్ల 41 లక్షలకు ఒక్కసారిగా పెరిగింది. పునర్నిర్మాణంలోనే ఉన్న లేకర్స్ ఆ ఉత్సాహంలో తిమొఫే మోజ్‌గోవ్‌కు నాలుగేళ్ళకు 6 కోట్ల 40 లక్షలు రాశారు. ఏడాదికే అది గుదిబండైంది. దాన్ని ఎత్తుకున్నందుకు 2017లో బ్రూక్లిన్‌కు డి'ఏంజెలో రస్సెల్‌ దొరికాడు. 2015 డ్రాఫ్టులో రెండో స్థానంలో ఎంపికైన కుర్రాడు! బదులుగా బ్రూక్లిన్ ఇచ్చింది బ్రూక్ లోపెజ్‌ను, 27వ పిక్‌ను. అదే వేసవిలో టొరంటో నుంచి డిమార్ క్యారల్‌ను తీసుకుని ఒక మొదటి రౌండు, ఒక రెండో రౌండు పిక్ అద్దెగా రాబట్టారు. రెండేళ్ళలో జట్టు 42-40తో ప్లేఆఫ్స్‌కు చేరింది, రస్సెల్ ఆల్ స్టార్, అంటే ఆ ఏటి మేటి ఆటగాళ్ళలో ఒకడు, అయ్యాడు. అప్పుడు, ఆ తరవాత మాత్రమే, 2019 జూన్ 30న పెద్ద తారలు డురాంట్, కైరీ అర్వింగ్ వస్తామన్నారు.

అదే రోజు నదికి అవతల న్యూయార్క్ నిక్స్ సంగతి చూడండి. తమ తార పోర్జింగిస్‌ను జనవరిలోనే డాలస్‌కు పంపి ఇద్దరికి సరిపడే చోటు సిద్ధం చేసుకున్నారు. పెద్ద నగరం, మ్యాడిసన్ స్క్వేర్ గార్డెన్, అన్నీ ఉన్నాయి. కానీ ఆ సీజన్‌లో 17-65. ఇద్దరిలో ఒక్కరూ రాలేదు. ఖాళీ రెండు చోట్లా ఉంది. మంచి ఇల్లు ఒకచోటే ఉంది. అయితే లేకర్స్‌కు 2018లో లెబ్రాన్ రాలేదా అని అడుగుతారు. వచ్చాడు. లాస్ ఏంజెలెస్ అనే పేరుకు కొన్ని మినహాయింపులు ఉంటాయి. మిషిగన్ చలికి లేవు.

బ్రూక్లిన్ కథకు చివరిభాగం కూడా ఉంది. 2023 ఫిబ్రవరికల్లా ఆ ఇద్దరూ వెళ్ళిపోయారు. అన్నేళ్ళలో గెలిచింది ఒక్క ప్లేఆఫ్స్ సిరీస్. కష్టపడి కట్టిన జట్టులో సగాన్ని ఆ ఇద్దరి కోసం మార్చుకున్నారు. ఆ తరవాత మార్క్స్ మళ్ళీ గోదాము తెరిచాడు. 2025 వేసవిలో డెన్వర్ నుంచి మైఖేల్ పోర్టర్ జూనియర్‌ను తీసుకున్నందుకు 2032 మొదటి రౌండు పిక్ దొరికింది.

నిక్స్ ఆ దెబ్బ తరవాత దిద్దుకున్న తీరు కూడా గమనించాలి. 2019లో తారలు రాకపోతే ఆ ఖాళీలో గోర్డన్‌లకు ఐదేళ్ళు రాసే పొరపాటు చేయలేదు. జూలియస్ రాండిల్ తప్ప మిగతా చాలామందికి చిన్న ఒప్పందాలే. వాళ్ళలో మార్కస్ మోరిస్‌ను ఏడు నెలలకే క్లిప్పర్స్‌కు పంపి మొదటి రౌండు పిక్ తెచ్చుకున్నారు. 2022లో మాత్రం ఒక మనిషి మీద గురిపెట్టారు, జేలెన్ బ్రన్సన్. అతను అప్పటికి ఒక్కసారి కూడా ఆల్ స్టార్ కాదు. అతనికి చోటు చేయడానికి కెంబా వాకర్, నెర్లెన్స్ నోయెల్, అలెక్ బర్క్స్‌ల జీతాలు ఎవరైనా మోయాలి. ఖాళీ ఎవరి దగ్గర ఉంది? మా దగ్గర.

డ్రాఫ్ట్ రాత్రి మూడు జట్ల మార్పిడిలో వాకర్‌ను తీసుకున్నాం. దానితోపాటు 13వ స్థానంలో ఎంపికైన 18 ఏళ్ళ జేలెన్ డ్యూరెన్ వచ్చాడు. బదులుగా ఇచ్చింది జెరామీ గ్రాంట్‌ను పోర్ట్‌లాండ్‌కు పంపి ముందు రోజు సంపాదించిన మిల్వాకీ 2025 పిక్. ఆ గ్రాంట్ కూడా 2020లో ఖాళీతోనే, మూడేళ్ళకు 6 కోట్లకు వచ్చినవాడు. అప్పట్లో అతను పెద్ద పేరు కాదు, డెన్వర్ కూడా అంతే ఇస్తానంది. ఇక్కడైతే తన ఆట పెరుగుతుందని నమ్మి వచ్చాడు. రెండేళ్ళు బాగా ఆడాడు, వెళుతూ పిక్ తెచ్చిపెట్టాడు, ఆ పిక్ డ్యూరెన్ అయింది. తరవాత నోయెల్, బర్క్స్‌లతో పాటు రెండు రెండో రౌండు పిక్‌లు, కొంత సొమ్ము కూడా వచ్చాయి. బ్రన్సన్‌కు నిక్స్ నాలుగేళ్ళకు 10 కోట్ల 40 లక్షలు ఇచ్చారు. రెండు జట్లూ ఆ వేసవిలో లాభపడ్డాయని నేను గట్టిగా నమ్ముతాను.

అద్దె ప్రతిసారీ బాగా రాదు. 2023 వేసవిలో జో హారిస్ సుమారు 2 కోట్ల జీతాన్ని నెత్తిన వేసుకుని రెండంటే రెండు రెండో రౌండు పిక్‌లు తీసుకున్నాం. హారిస్ పెద్దగా ఆడనూ లేదు. కుర్రాళ్ళ పక్కన నిలబడి వేసే షూటర్లు లేక కేడ్ ఒంటరివాడయ్యాడు. నేను మొదట చెప్పిన డిసెంబరు రాత్రి ఆ వేసవి ఫలితమే. ఆ పరాజయాలు 28 దాకా వెళ్ళి ఆగాయి, సీజన్ 14-68తో ముగిసింది. అందుకే అంటున్నాను, గోదాము మొత్తం అద్దెకిచ్చి ఇంట్లో పిల్లలకు చోటు లేకుండా చేయకూడదు.

2024లో ట్రేజన్ లాంగ్డన్ జట్టు బాధ్యత తీసుకున్నాడు. 2016 నుంచి 2019 దాకా బ్రూక్లిన్‌లో మార్క్స్ పక్కన పనిచేసినవాడు. ఆ వేసవిలో అతను చేసినవి చూస్తే నాకు పాఠ్యపుస్తకం చదివినట్టుంటుంది. ముందు కేడ్‌కు ఐదేళ్ళకు 22 కోట్ల 40 లక్షల పొడిగింపు. అది మరుసటి ఏడాది నుంచి మొదలవుతుంది కాబట్టి ఆ వేసవి ఖాళీకి అడ్డు రాలేదు. తరవాత పెద్ద పేర్ల వెంట పడలేదు. టోబియాస్ హారిస్‌కు రెండేళ్ళకు 5 కోట్ల 20 లక్షలు. జీతం ఎక్కువే అని చాలామంది విమర్శించారు. నాకు మాత్రం రెండేళ్ళు అన్న మాటే ముఖ్యం. 32కు చేరువలో ఉన్న, ఇంతకుముందు ఇక్కడ ఆడి వెళ్ళిన, కుర్రాళ్ళకు పెద్దన్నలా ఉండే మనిషి. మాలిక్ బీస్లీకి ఒక్క ఏడాదికి 60 లక్షలు. అతను ఆ సీజన్‌లో 319 మూడు పాయింట్ల బుట్టలు వేశాడు, పిస్టన్స్ చరిత్రలో అదే రికార్డు. డాలస్ నుంచి టిమ్ హార్డవే జూనియర్‌ను, అద్దెగా మూడు రెండో రౌండు పిక్‌లను తీసుకున్నారు. అక్కడ క్వెంటిన్ గ్రైమ్స్‌ను వదులుకోవడం మాత్రం నాకు ఇప్పటికీ నచ్చదు. ఖాళీలో ఇంకా కోటి డాలర్లకు పైగా ఖర్చుపెట్టకుండా ఉంచారు. ఫిబ్రవరిలో జిమ్మీ బట్లర్‌ను గోల్డెన్ స్టేట్‌కు చేర్చిన పెద్ద మార్పిడిలో ఆ చోటు అవసరమైంది. డెనిస్ ష్రోడర్ మాకు వచ్చాడు.

ఒక్క తార రాలేదు. జట్టు 14 గెలుపుల నుంచి 44కు చేరింది. ఒక ఏడాది గెలిచినదానికి మూడు రెట్లు మరుసటి ఏడాది గెలిచిన జట్టు ఎన్‌బీఏ చరిత్రలో అంతకుముందు లేదు. కేడ్ ఎదిగాడు, కొత్త కోచ్ బికర్‌స్టాఫ్ రక్షణ నేర్పాడు, షూటర్లు వచ్చేసరికి మైదానం విశాలమైంది.

కాబట్టి మీ జట్టు విషయంలో నేను మొదట చూసేది ఎంత ఖాళీ ఉందని కాదు, ఆ ఖాళీ చుట్టూ కేడ్ లాంటివాడు ఉన్నాడా అని. లేకపోతే ఆ ఖాళీ మొత్తం అద్దెకే ఇవ్వండి. సెకండ్ ఏప్రన్ దగ్గరున్న జట్ల పేర్లు రాసుకోండి, వాళ్ళ దగ్గర ఏడాది లేదా రెండేళ్ళు మిగిలిన పెద్ద జీతాలు ఎవరివో చూడండి. రెండో రౌండు పిక్‌లతో సరిపెట్టుకోవద్దు. ఎదిగే కుర్రాడు ఉంటే రెండేళ్ళ ఒప్పందాలతో అతనికి కావలసిన మనుషులను తెండి, కొంచెం ఎక్కువ ఇచ్చినా ఫరవాలేదు. సీజన్ మొదలయ్యేనాటికి పరిమితిలో 90 శాతం ఎలాగూ ఖర్చుపెట్టాలి. లేకపోతే పెద్ద జట్లు కట్టిన లగ్జరీ ట్యాక్స్ పంపకంలో జట్టు వాటా పోతుంది. జూలై 6 దాకా చాలా ఒప్పందాల మీద సంతకాలు ఉండవు కాబట్టి మొదటి గంటలో వచ్చే వార్తలకు కంగారు పడవద్దు. ఇంకొకటి, నాలుగు, ఐదేళ్ళ ఒప్పందం అని ఎవరి పేరు వినబడినా అతని పుట్టినరోజు చూడండి.

2025 మే 1న మేమిద్దరం మళ్ళీ లిటిల్ సీజర్స్ అరీనాలో ఉన్నాం. ప్లేఆఫ్స్ మొదటి రౌండు, నిక్స్‌తో ఆరో ఆట, 3-2తో వాళ్ళు ముందున్నారు. ఆఖరి క్షణాల్లో స్కోరు సమం. బంతి బ్రన్సన్ చేతిలో. అసార్ థాంప్సన్ మీద పడి కాపలా కాస్తుంటే ఒక్క పక్కకు వంగి, వెంటనే వెనక్కి తిరిగి చోటు చేసుకుని మూడు పాయింట్ల బుట్ట వేశాడు. 116-113. ఆ రాత్రి అతను 40 పాయింట్లు కొట్టాడు. మా సీజన్ ముగిసింది. ఎవరూ యజమానిని తిట్టలేదు. నిలబడి చప్పట్లు కొడుతున్నవాళ్ళలో మా వాడూ ఉన్నాడు, కళ్ళు తుడుచుకుంటూ.

కారులో చాలాసేపు మాట్లాడలేదు. నోవై దారి తిరిగాక అడిగాడు. "నాన్నా, బ్రన్సన్‌కి చోటు మనమే ఇచ్చాం కదా?"

"అవును. వాకర్‌ని తీసుకోకపోయి ఉంటే వాళ్ళకు చోటు దొరికేది కాదేమో."

"అప్పుడు మనకు డ్యూరెన్ ఉండడు."

"ఉండడు."

వాడు కాసేపు లెక్క వేసుకున్నాడు. తరవాత నా ఫోను తీసుకుని హారిస్ ఒప్పందం ఎప్పటిదాకా ఉందో వెతకడం మొదలుపెట్టాడు.